పెళ్లి కేకు మీది చక్కెర పూలకు పనిముట్లు ఎలా ఎంచుకోవాలి

చక్కెర పూలు చేయడం మొదలుపెట్టాలనుకునే వారికి దుకాణంలోనైనా ఆన్‌లైన్‌లోనైనా ముందుగా కనిపించేది, ముప్పై నలభై వస్తువులను ఒకే పెట్టెలో పెట్టి తక్కువ ధరకు అమ్మే సెట్టు. దానిని కొనవద్దని నా సలహా. అందులో అధిక భాగం ఫాండెంట్‌తో (కేకు మీద పరిచే మెత్తని చక్కెర ముద్దతో) బొమ్మలు చేయడానికి, కేకు అంచున డిజైను నొక్కడానికి ఉద్దేశించిన వస్తువులు. పూరేకుకు తప్పనిసరిగా కావలసిన ఒకటి రెండు పనిముట్లు మాత్రం నాసిరకం ప్లాస్టిక్‌తో చేసి ఉంటాయి. అదే డబ్బుతో విడివిడిగా కొద్దిపాటి మంచి వస్తువులు కొనుక్కుంటే గులాబీ మొదలుకొని మందారం దాకా చాలా పూలు చేయవచ్చు. ఏవి కొనాలో, ఏవి ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టుకోవాలో పని జరిగే వరుసలోనే చూద్దాం.

ముందు పువ్వును నిర్ణయించుకోండి

ఏ పువ్వు చేయబోతున్నారో తేల్చుకోకుండా ఏ పనిముట్టూ కొనకండి. మొదటి పువ్వుగా గులాబీని ఎంచుకోవడం మంచిది. రిసెప్షన్ కేకులకు, చర్చి పెళ్లిళ్ల కేకులకు గులాబీలనే ఎక్కువగా అడుగుతారన్నది ఒక కారణం కాగా, గులాబీకి కొన్న పనిముట్లు మరెన్నో పూలకు పనికిరావడం అంతకంటే పెద్ద కారణం. గులాబీకి తోడుగా ఖాళీలను నింపడానికి నందివర్ధనం వంటి ఐదు రేకుల చిన్న పువ్వు ఒకటి, ఆకులు, కొన్ని మొగ్గలు ఉంటే ఒక కేకుకు సరిపోతుంది. తామర, లిల్లీ, ఆర్కిడ్ వంటివి తరువాత చూసుకోవచ్చు. వాటికి ప్రత్యేకమైన కటర్లు, అచ్చులు కావాలి.

పువ్వుతోపాటు దాని కొలతను కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. 6 అంగుళాల పై అంతస్తు మీద 3 అంగుళాల గులాబీ ఒక్కటి పెట్టి, పక్కన మొగ్గలు, ఆకులు అమరిస్తే నిండుగా ఉంటుంది. అంతకంటే పెద్దది పెడితే కేకు కనిపించకుండా పోతుంది, బరువు కూడా పెరుగుతుంది. ఈ కొలత తేలితేనే ఎంత పెద్ద కటర్ కొనాలో, ఎంత మందం తీగ కావాలో తేలుతుంది.

పేస్ట్ కలపడానికి కావలసినవి

ఫాండెంట్‌తోనే రేకులు చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఫాండెంట్‌లోని గ్లూకోజ్, గ్లిజరిన్ తేమను పట్టి ఉంచి దానిని మెత్తగా నిలుపుతాయి కనుక దానితో చేసిన పలుచని రేకు గట్టిపడదు, గంటలు గడిచినా వాలిపోతూనే ఉంటుంది. రేకులకు గమ్ పేస్ట్ కావాలి. ఐసింగ్ షుగర్, గుడ్డు తెల్లసొన, పేస్ట్‌ను గట్టిపరిచే సీఎంసీ పొడి (దీనినే టైలోజ్ అని అమ్ముతారు), కొద్దిగా తెల్ల కొవ్వు కలిపి దీనిని తయారు చేస్తారు. గుడ్డు వద్దనే వారి కోసం గుడ్డు లేకుండా చేసిన పేస్ట్ కూడా దొరుకుతుంది. మొగ్గల లోపలి భాగం, లావుపాటి చిన్న పూలు వంటి వాటికైతే 250 గ్రాముల ఫాండెంట్‌లో ఒక టీస్పూను సీఎంసీ పొడి కలిపి, కొన్ని గంటలు మూత పెట్టి ఉంచినా సరిపోతుంది.

ఈ దశలో కావలసినవి గ్రాముల దాకా సరిగ్గా తూచే చిన్న డిజిటల్ త్రాసు, సన్నని జల్లెడ, గాలి చొరబడని డబ్బా, జిప్ కవర్లు. వీటిలో జిప్ కవర్లను తేలికగా తీసుకోకండి. గమ్ పేస్ట్ బయట ఉంటే కొద్ది నిమిషాల్లోనే పైన పొర కడుతుంది, ఆ పొర ముక్కలు రేకులో కలిస్తే ఒత్తేటప్పుడు చిరుగుతుంది. పని చేసే గదిలో సీలింగ్ ఫ్యాను ఆపివేయాలి.

చేతికి, బల్లకు రాయడానికి కొద్దిగా వనస్పతి గాని కేకుల దుకాణంలో అమ్మే తెల్ల షార్టెనింగ్ గాని దగ్గర పెట్టుకోండి. నెయ్యి, వెన్న తెల్ల రేకుకు పసుపు ఛాయ తెస్తాయి, వాసన కూడా నిలుస్తుంది. కార్న్‌ఫ్లోర్‌ను పలుచని మల్లు గుడ్డలో మూట కట్టుకుని, అవసరమైన చోట తట్టండి. పిసికేటప్పుడు, ఒత్తేటప్పుడు కొవ్వు, రేకు మీద పనిముట్టు నడిపేటప్పుడు కార్న్‌ఫ్లోర్ అని గుర్తు పెట్టుకుంటే చాలు. పొడి ఎక్కువైతే అంచులు ఆరిపోయి పగుళ్లు వస్తాయి.

బల్ల, కర్ర

ఇంట్లోని చపాతీ పీట, అప్పడాల కర్ర ఈ పనికి నప్పవు. చెక్క పీట మీది గీతలు రేకు మీద అచ్చుపడతాయి. అప్పడాల కర్ర మధ్యలో లావుగా, చివరలకు సన్నగా ఉంటుంది కనుక పేస్ట్ అంతా ఒకే మందంలో రాదు. నున్నని నాన్‌స్టిక్ ప్లాస్టిక్ బోర్డు ఒకటి, 6 నుంచి 9 అంగుళాల పొడవుతో మొదలు నుంచి చివర దాకా ఒకే లావున్న గట్టి ప్లాస్టిక్ కర్ర ఒకటి కొనండి. కర్రను అద్దం మీద పెట్టి దొర్లించి చూడండి: ఎక్కడైనా కింద వెలుతురు కనిపిస్తే అది వంకరగా ఉన్నట్టు.

బోర్డు కొనేటప్పుడు ఒకవైపు నున్నగా, రెండోవైపు సన్నని గాడులతో ఉన్నదాన్ని ఎంచుకోవడం లాభం. గాడి మీద పేస్ట్ ఒత్తితే రేకు మధ్యలో సన్నని గట్టు ఏర్పడుతుంది. తీగను ఆ గట్టులోకే గుచ్చుతారు. గట్టు లేకుండా పలుచని రేకులోకి తీగ దించితే అది ఏదో ఒక వైపు నుంచి బయటికి పొడుచుకు వస్తుంది. రేకు మందం 1 మిల్లీమీటరు గాని అంతకంటే తక్కువ గాని ఉండాలి. ఒత్తిన పేస్ట్‌ను అచ్చు కాగితం మీదికి ఎత్తి పట్టుకుంటే కింది అక్షరాలు మసకగా కనిపించాలి. పాస్తా యంత్రంతో ఒత్తడం వేగంగా సాగుతుంది కాని, వందల రేకులు ఒకేసారి చేసే స్థితి వచ్చేదాకా అది అనవసరమైన ఖర్చు.

కటర్లు

గులాబీకి రెండు రకాల కటర్లు ఉన్నాయి. ఐదు రేకులూ కలిసి ఉన్న కటర్ ఒకటి, కన్నీటి బొట్టు ఆకారంలో ఒక్కొక్క రేకును కోసే కటర్ల వరుస మరొకటి. మొదటిదానితో పని వేగంగా అవుతుంది. 65 నుంచి 75 మిల్లీమీటర్ల కటర్ కేకు గులాబీకి సరిపోతుంది. కాని దానితో చేసిన పూలన్నీ ఒకే పోలికతో ఉంటాయి, విచ్చుకున్న పెద్ద గులాబీ దానితో అంత సహజంగా రాదు. ఒకటే కొనగలిగితే విడి రేకుల కటర్లు మూడు కొలతల్లో కొనమంటాను. వాటిని తిప్పి పట్టుకుని, కాస్త సాగదీసి ఇతర పూల రేకులకు కూడా వాడుకోవచ్చు.

పలుచని స్టీలు కటర్ అంచును శుభ్రంగా కోస్తుంది. కొనే ముందు కటర్ అంచు మీద గోరు మెల్లగా నడిపి, గరుకుగా తగిలితే పక్కన పెట్టండి; అతుకు దగ్గర సందు ఉందేమో చూడండి. తగరపు రేకు కటర్లు చౌక, కాని కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పడతాయి. చిన్న పూలకు స్ప్రింగుతో నొక్కే ప్లంజర్ కటర్లు బాగుంటాయి.

నందివర్ధనానికి కటరే అక్కరలేదు. గోళీ అంత ముద్దను ఒకవైపు మొనదేలేలా చేసి, లావుపాటి వైపును చిన్న కత్తెరతో ఐదు చీలికలుగా కత్తిరించి, ఒక్కొక్క చీలికను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి పలుచన చేస్తే పువ్వు తయారవుతుంది. దీనికి కావలసినది మొన వాడిగా ఉన్న చిన్న కత్తెర, నున్నని సన్నటి పుల్ల మాత్రమే.

బాల్ టూల్, ఫోమ్ ప్యాడ్: డబ్బు పెట్టవలసిన చోటు

కోసిన రేకు అంచు కోసినట్టే మొద్దుగా ఉంటుంది. ఆ అంచును పలుచన చేసి, వంపు తేవడమే చక్కెర పూల పనిలో అసలు మెలకువ, అది పూర్తిగా బాల్ టూల్ (పిడి చివర నున్నని గోళం ఉన్న పనిముట్టు) మీద, దాని కింద ఉండే ఫోమ్ మీద ఆధారపడుతుంది. పెట్టగలిగిన డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడ పెట్టండి.

చౌక బాల్ టూల్‌లో గోళం రెండు ప్లాస్టిక్ సగాలను అతికించి చేసినది కావడంతో చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది. ఆ గీత రేకు మీద ప్రతిసారీ చార పెడుతుంది, మరీ పలుచని అంచునైతే చింపుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గోళానికి అతుకు ఉండదు. దాని బరువే రేకును ఒత్తుతుంది కనుక మీ చేతి ఒత్తిడి తక్కువ పడుతుంది. దుకాణంలో పరీక్షించడానికి షిఫాన్ చీర కొంగు మీద గోళాన్ని నడపండి: పోగు తగులుకుంటే అది రేకును కూడా పట్టుకుంటుంది. రెండు చివరలా వేర్వేరు కొలతల గోళాలు ఉన్న పనిముట్లు రెండు తీసుకుంటే, 5 మిల్లీమీటర్ల నుంచి 20 మిల్లీమీటర్ల దాకా నాలుగు కొలతలు చేతికి వస్తాయి.

కొలతకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, గోళం పెద్దదైతే రేకు అంచు నెమ్మదిగా, వెడల్పుగా వంగుతుంది. చిన్నదైతే అదే అంచు కుచ్చులు పడుతుంది. గులాబీ రేకుకు పెద్ద గోళం, మందారం అంచు కుచ్చులకు చిన్న గోళం కావాలి. వాడేటప్పుడు గోళంలో సగం రేకు మీద, సగం ఫోమ్ మీద ఉండేలా పట్టుకుని అంచు వెంట మెల్లగా నడపండి. గోళం మొత్తం రేకు లోపలికి వెళితే మధ్య భాగం గుంటపడుతుంది తప్ప అంచు పలుచబడదు.

ఫోమ్ ప్యాడ్‌ను బొటనవేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి, నొక్కిన గుర్తు మిగలకూడదు. పై భాగం కంటికి రంధ్రాలు కనిపించనంత నున్నగా ఉండాలి. గిన్నెలు తోమే స్పాంజి, స్నానపు స్పాంజి వంటివి వాడితే వాటి రంధ్రాలన్నీ రేకు మీద దిగుతాయి. ఒక వైపు గట్టిగా, మరో వైపు మెత్తగా ఉన్న ప్యాడ్ దొరికితే గట్టి వైపు అంచులకు, మెత్తని వైపు రేకును దొప్పలా వంచడానికి వాడుకోండి.

వీటితోపాటు డ్రెస్డెన్ టూల్ ఒకటి ఉండాలి. ఒక చివర చదునుగా, మరో చివర మొనదేలి ఉండే ఈ పుల్లతో ఈనెలు గీయవచ్చు, ఆకు అంచును రంపపు పళ్లలా లాగవచ్చు. ఇది ప్లాస్టిక్‌దైనా చాలు.

ఈనెల అచ్చులు

రెండు భాగాల సిలికాన్ అచ్చు మధ్య రేకును పెట్టి నొక్కితే రెండు వైపులా ఈనెలు పడతాయి. గులాబీ రేకు దాదాపు నున్నగా ఉంటుంది కాబట్టి దానికి ఈ అచ్చు లేకపోయినా లోటు తెలియదు. ఆకుకు మాత్రం అచ్చు లేకపోతే చక్కెర ఆకు చక్కెర ఆకులాగే కనిపిస్తుంది. అందువల్ల మొదట గులాబీ ఆకు అచ్చు ఒక్కటి కొనండి. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూసినప్పుడు ఈనెలు లోతుగా, వేర్వేరుగా కనిపించాలి. మందులు చల్లని గులాబీ ఆకును కడిగి, ఆరబెట్టి, దాని వెనుక వైపును పేస్ట్ మీద నొక్కినా పని జరుగుతుంది; గన్నేరు వంటి విషపు మొక్కల ఆకులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు.

తీగలు, టేపు

పూల తీగలను గేజి అంకెతో అమ్ముతారు. అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది: 20 గేజి సుమారు 0.9 మిల్లీమీటర్లు, 26 గేజి సుమారు 0.45, 30 గేజి సుమారు 0.3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గులాబీ మధ్య భాగాన్ని మోసే కాడకు 18 లేదా 20, పెద్ద రేకులకు, ఆకులకు 26, చిన్న ఆకులకు, చిన్న పూలకు 28 లేదా 30 కొనండి. సందేహం ఉంటే పువ్వును కాడ చివర పట్టుకుని అడ్డంగా చాచండి. తల వాలిందంటే ఇంకొంచెం లావు తీగ కావాలి. అవసరానికి మించి లావు తీగ పెట్టినా ఇబ్బందే, అది పలుచని రేకును చీల్చుతుంది.

కాగితం చుట్టిన తీగలనే తీసుకోవాలి, ఎందుకంటే వట్టి లోహపు తీగ ఆరిన రేకులో గిర్రున తిరుగుతుంది, కాగితమైతే జిగురును పీల్చుకుని పట్టు ఇస్తుంది. రేకులకు తెల్లవి, ఆకులకు ఆకుపచ్చవి వాడండి. తీగ కొసను తెల్లసొనలో గాని తినదగిన జిగురులో గాని ముంచి, గట్టులోకి రేకు పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా దించాలి. గులాబీ మొగ్గకైతే తీగ కొసను కొక్కెంలా వంచి ముద్దలోకి దించి, రాత్రంతా ఆరనివ్వాలి. ఈ మొగ్గ ఎత్తు రేకు కటర్ ఎత్తులో మూడింట రెండు వంతులు ఉండాలి, లేకపోతే మొదటి రేకు చుట్టినప్పుడు లోపలి మొన బయటికి కనిపిస్తుంది.

కొక్కెం వంచడానికి సన్నమూతి పట్టకారు, తీగ కోయడానికి విడిగా ఒక కట్టర్ ఉంచుకోండి. పేస్ట్ కత్తిరించే కత్తెరతో తీగలు కోస్తే దాని పదును పోతుంది. ఫ్లోరల్ టేపును చుట్టే ముందు సాగదీయాలి, సాగితేనే అందులోని జిగురు పైకి వస్తుంది. టేపును నిలువుగా రెండుగా చీల్చి వాడితే కాడలు మొద్దుగా కనిపించవు.

ఆరబెట్టడం, వాతావరణం

వంపు తిరిగిన రేకు ఆ వంపులోనే ఆరాలి. దీనికి ప్రత్యేకమైన అచ్చులు అమ్ముతారు కాని, వాటిని కొనవలసిన పని లేదు. గరిటెలు, రకరకాల స్పూన్లు, ఆపిల్ పండ్ల పెట్టెల్లో వచ్చే గుంటల ట్రేలు, కోడిగుడ్ల ట్రేలు అన్నీ పనికివస్తాయి. ట్రేల మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి వాడాలి. తీగ పూలను గుచ్చి నిలబెట్టడానికి మందపాటి థర్మోకోల్ దిమ్మ ఒకటి ఉంటే చాలు.

అసలు చిక్కు గాలిలోని తేమతో వస్తుంది. చక్కెర తేమను పీల్చుకుంటుంది కాబట్టి విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో వానాకాలంలో రాత్రంతా ఉంచినా రేకు మెత్తగానే ఉండవచ్చు. హైదరాబాద్ ఎండాకాలంలో దీనికి విరుద్ధంగా, అంచు పలుచన చేసేలోపే రేకు ఎండి పగులుతుంది. తీరంలో ఉన్నవారు తేమను చూపే చిన్న హైగ్రోమీటరు, మూత గట్టిగా పట్టే పెద్ద డబ్బా, సిలికా జెల్ పొట్లాలు కొనుక్కుని, ఆరబెట్టే గదిలో ఏసీని డ్రై మోడ్‌లో నడపాలి. సిలికా జెల్ పొట్లాలు పూలకు తగలకుండా ఉండాలి. పొడి ప్రాంతంలో ఉన్నవారు కోసిన రేకుల మీద కప్పడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు దగ్గర పెట్టుకోవాలి. పూర్తయిన పూలను ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీసిన మరుక్షణం వాటి మీద నీటి ఆవిరి చేరి అంచులు కరుగుతాయి, రంగు చారలు కడుతుంది.

రంగులు, కుంచెలు

ఆరిన రేకులకు పొడి రంగు అద్దడానికి మెత్తని వెంట్రుకల బల్లపరుపు కుంచెలు రెండు మూడు, సన్నగీతలకు 0 నంబరు కుంచె ఒకటి చాలు. ఎరుపు ఛాయలకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి విడివిడిగా ఉంచండి. అద్దిన రంగు రాలకుండా ఉండాలంటే పువ్వును కెటిల్ ఆవిరికి జానెడు దూరంలో కొన్ని సెకన్లు తిప్పి వెంటనే తీయాలి.

పొడి రంగు డబ్బా మీది మాటలను జాగ్రత్తగా చదవండి. ‘నాన్‌టాక్సిక్’ అని మాత్రమే రాసి ఉంటే అది తినడానికి చేసినది కాదు. ‘ఎడిబుల్’ అని, పదార్థాల జాబితా, మన దేశంలోనైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నదాన్నే కొనండి. బంగారు, రాగి మెరుపు పొడుల విషయంలో ఇది మరీ ముఖ్యం. అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో 2018లో ఒక పుట్టినరోజు కేకు మీద అద్దిన మెరుపు పొడి వల్ల ఆరుగురు పిల్లలు వాంతులతో అస్వస్థులయ్యారు. పరీక్షించి చూస్తే ఆ పొడి ప్రధానంగా రాగి చూర్ణమని తేలింది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో కేకులు చేసే తెలుగువారు తెల్ల పొడి రంగుల్లో టైటానియం డయాక్సైడ్ ఉందేమో కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఆహారంలో దాని వాడకాన్ని అక్కడ 2022లో నిషేధించారు.

కేకులో అమర్చడానికి

పూల తీగలు, టేపు, దుకాణంలో అమ్మే దారపు కేసరాలు తినదగినవి కావు, కేకుకు నేరుగా తగలకూడదు. అందుకే పోసీ పిక్ అనే, ఒక కొస మొనదేలిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని ముందుగా కేకులో దించి, అందులో కొద్దిగా ఫాండెంట్ ముద్ద కూరి, పూలగుత్తి కాడను ఆ ముద్దలో గుచ్చుతారు. ఒక్క పువ్వుకైతే ఆహారానికి వాడదగిన లావుపాటి స్ట్రా ముక్కను అడుగున ఫాండెంట్‌తో మూసి వాడవచ్చు. కాడల కట్ట మందాన్ని కొలుచుకుని పిక్ కొలత ఎంచుకోండి. వదులుగా ఉంటే గుత్తి ప్రయాణంలో తిరిగిపోతుంది.

పూలను కేకుతో కాకుండా వేరే పెట్టెలో, థర్మోకోల్‌లో గుచ్చి తీసుకువెళ్లి మండపంలోనే అమర్చడం మేలు. ఆ పెట్టెలోనే ట్వీజర్లు, పట్టకారు, టేపు, తినదగిన జిగురు, రంగు అద్దిన కుంచె, అదనంగా చేసిన కొన్ని రేకులు, ఆకులు పెట్టుకోండి, ఎందుకంటే దారిలో ఏదో ఒక అంచు విరగడం మామూలే. అమర్చిన తరువాత ఎన్ని పిక్‌లు దించారో ఒక చీటీ మీద రాసి, కేకు కోసి వడ్డించే వారికి ఇచ్చి, కత్తి పెట్టే ముందు అన్నింటినీ లెక్కపెట్టి తీసివేయమని చెప్పండి.